తోడేలు ఎత్తు

తోళ్లు పదునుచేసే తొట్టిలోంచి తీసిన తోడేలు చర్మం బల్ల మీద పరిచి ఉంది. క్యూరేటరు దాన్ని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. సాగింది. ఇంకాస్త లాగాడు. ఇంకాస్త సాగింది. దుకాణంలో బనియను బేరం చేసేవాడిలా రెండు చేతులతో అటూ ఇటూ పట్టి చూసేసరికి అతని మొహం విప్పారింది.

"చూశావామ్మా, వస్తోందిగా," అన్నాడు.

"తడి చర్మమండీ. లాగినంత వస్తుంది," అంది కొలతలమ్మ. అతని చేతుల్లోంచి చర్మాన్ని నెమ్మదిగా తీసుకుని మళ్లీ బల్ల మీద పరిచి అంచులు సర్దింది.

ఆమెకు ఆ పేరు పెట్టినవాడు గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి. కొత్తగా పనిలో చేరినప్పుడు టీ గ్లాసు ఎత్తు కూడా కొలిచి పుస్తకంలోకి ఎక్కించిందని అందరికీ చెప్పాడు. గ్లాసు సంగతి కోతే గానీ, మెడలో టేపు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదన్నది మాత్రం నిజం. చచ్చిన జంతువులు ఆ మ్యూజియం వెనక గదిలోకి ఒక గుమ్మంలోంచి వస్తాయి, బతికున్నట్టు నిలబడి రెండో గుమ్మంలోంచి హాల్లోకి పోతాయి. ఆ రెండు గుమ్మాల మధ్య జరిగే పనంతా ఆమెదే.

ఈ తోడేలు వచ్చిన రోజు, కత్తి పెట్టకముందే ఆమె దాన్ని కొలిచింది. పాదం కింద చెక్క ఆనించి, కాలిని నిలబడ్డట్టు సర్ది చూస్తే భుజం దాకా డెబ్బై ఒక్క సెంటీమీటర్లు. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా నూట పన్నెండు. బరువు ముప్పై నాలుగు కిలోలు. మగది, పళ్లు అరిగి ఉన్నాయి కాబట్టి పూర్తిగా ఎదిగినదే. అవన్నీ కార్డు మీద రాసి, తేదీ వేసి, దారంతో ఫైలుకు కుట్టింది. తను పక్కన నిలబడితే దాని వీపు తన తొడ పైదాకా వస్తుంది, అంతే. ఆ సాయంత్రమే క్యూరేటరు దాని కళేబరాన్ని ఎముకలతో సహా కాల్పించేశాడు. అంత తొందరేమిటో అప్పుడు ఆమెకు తోచలేదు.

ఇప్పుడు తోచింది. ఆ తోడేలును కొట్టింది మ్యూజియం కమిటీ ఛైర్మన్. సెలవు రోజుల్లో తుపాకీ పట్టుకుని కొండవాలున తిరగడం ఆయనకు సరదా. ఆ రోజు పొద్దువాలే వేళ రెండు గుళ్లు పేల్చాడు. రెండోది తోడేలుకు తగిలింది. మొదటిది గోధుమరంగు దుప్పటి కప్పుకుని గొర్రెల వెంట పోతున్న కాపరి ఆడమనిషి కుడిభుజంలో దిగింది. పొదల మీదుగా తోడేలు తల కనిపించింది, దాన్నే కొట్టాను, ఆవిడ దాని వెనక ఉందని నాకేం తెలుసు అన్నాడు ఛైర్మన్. ఆ పొదలు మనిషి ఛాతీ దాకా ఉంటాయి. తోడేలు అంత ఎత్తుంటే అది పొరపాటు. వేట జరిగేచోట గొర్రెలు మేపినందుకు తప్పు ఆమెదే అవుతుంది, మేపుకునే పర్మిటు కూడా రద్దవుతుంది. తోడేలు అంత ఎత్తు లేకపోతే మాత్రం, కదిలిన దుప్పటిని చూసి ఆయన తుపాకీ పేల్చినట్టే లెక్క. శనివారం విచారణ అధికారి వచ్చి తోడేలును కళ్లారా చూస్తాడు. ఈ రోజు బుధవారం.

"నిన్నేం అబద్ధం చెప్పమనడం లేదు," అన్నాడు క్యూరేటరు. "హాల్లో ఒకటుందిగా. మన మ్యూజియంలో తోడేలంటే అది. దానంత చెయ్యి. శనివారం ఒక్కరోజు నిలబడితే చాలు, తర్వాత నువ్వు ఎలా మార్చుకున్నా అడిగేవాడు లేడు."

ఆమె డెబ్బై ఒకటి అని మళ్లీ గుర్తుచేసింది. అతను తల ఊపాడు. వచ్చేనెల ఆమె ఉద్యోగం ఇంకో ఏడాదికి పొడిగించాలని, ఆ కాగితం తన బల్ల మీదే ఉందని, మరిచిపోకుండా గుర్తుచేయమని నవ్వుతూ చెప్పి వెళ్లిపోయాడు. బెదిరించడం కూడా అంత మర్యాదగా చేస్తే ఎదురు మాట్లాడే సందు ఉండదు.

హాల్లో తోడేలు గురించి ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మ్యూజియంలో అడుగుపెట్టగానే, చెక్కతో చేసిన బండ మీద తల ఎత్తి నిలబడి ఉంటుంది. నలభై ఏళ్లుగా పిల్లలందరూ దాని పక్కనే ఫొటోలు దిగారు. తోడేలు ఎంతుంటుందిరా అని ఎవరినడిగినా చెయ్యి తిన్నగా ఛాతీ దగ్గరికి పోతుంది. దాన్ని చేసింది కొలతలమ్మ మామగారు. పెళ్లయి ఆ ఇంటికొచ్చాకే ఆమె ఈ పని నేర్చుకుంది, అదీ ఆయన దగ్గరే. ఆమె భర్త లారీ తోలుకుంటూ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కొడుకు చెయ్యని పని కోడలు అందుకుందని పెద్దాయనకు లోలోపల మహా గర్వం. చేతులు వణకడం మొదలయ్యాక కత్తులన్నీ ఆమెకిచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని బటానీలు ఒలుస్తున్నాడు. నాలుగు గింజలు గిన్నెలో పడితే రెండు కింద దొర్లుతున్నాయి. ఆమె వంగి అవి ఏరుతూ జరిగింది చెప్పింది. కాపరి సంగతీ చెప్పింది. ఆయన వింటూ ఒలుస్తూనే ఉన్నాడు.

"మామయ్యా, మీ తోడేలు భుజం తొంభై ఎనిమిది. దీనిది డెబ్బై ఒకటి. రెండూ ఈ కొండల్లోవే. అంత తేడా ఉంటుందా?"

ఆయన చేతులు ఆగాయి. వణుకు మాత్రం ఆగలేదు.

"అది వేరే తోడేలు," అన్నాడు. మళ్లీ ఒలవడం మొదలుపెట్టి, "వాళ్లు చెప్పినట్టు చేసి ఇంటికి రా అమ్మాయ్. నీకెందుకు?" అన్నాడు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాకి చర్మం ఒక అరసెంటీమీటరు లాగి కుట్టినందుకు మొత్తం ఊడదీయించి, మళ్లీ మూడు రోజులు కుట్టించిన మనిషి ఈయన. తడి చర్మాన్ని నమ్మకు, కళేబరాన్ని కొలువు అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. అలాంటివాడు నీకెందుకు అన్నాడు. ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

గురువారం మ్యూజియం తెరవడానికి గంట ముందే వెళ్లి, బ్యాటరీ లైటు పట్టుకుని హాల్లో తోడేలు కిందికి దూరింది. చెడ్డ ఉద్దేశమేం లేదు. నిజంగానే అంత పెద్దది చెయ్యాల్సొస్తే లోపలి బొమ్మను ఆయన ఎలా కట్టాడో చూసుకుందామనే దూరింది. చెక్కపీచు, పురికొస చుట్టి చేసే ఆ బొమ్మ కాళ్ల దగ్గర ఎలా ఆగిందో వేళ్లతో తడిమింది. కాళ్లు బాగానే ఉన్నాయి. పొట్ట కింద కుట్టు వెతికింది. ఒక కుట్టు ఉండాల్సినచోట రెండున్నాయి.

ఆ రెండు కుట్ల మధ్య నాలుగు వేళ్ల వెడల్పున ఒక పట్టీ, ఛాతీ నుంచి వెనక కాళ్ల దాకా పోయింది. పట్టీ మీద బొచ్చు పొట్టిగా, నున్నగా ఉంది. పక్క బొచ్చుకు ఎదురుగా పడుకుంది. రంగు వేసి కలిపారు. నలభై ఏళ్లలో రంగు కొద్దిగా వెలిసింది గానీ, కింద పడుకుని లైటు వేసి చూసేవాళ్లెవరు? అది కుక్క చర్మం. ఈ పని చేసేవాళ్ల వేళ్లకు ఆ తేడా తెలిసిపోతుంది. ఆమె లైటు ఆర్పి, తోడేలు కిందే కాసేపు అలాగే పడుకుండిపోయింది. 

బయటికి వచ్చేసరికి మ్యూజియం తెరిచే వేళయింది, వరండా బల్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభైకి దగ్గరగా ఉంటుంది. కుడిచెయ్యి మెడకు వేలాడగట్టిన గుడ్డలో ఉంది. ఆసుపత్రి కాగితాలు క్యూరేటరుకు ఇమ్మన్నారని వచ్చింది. అతను శనివారం తెమ్మని లోపలి నుంచే చెప్పి పంపించాడు. వచ్చిన దారినే మళ్లీ అంత దూరం పోవాలి కాబట్టి ఊపిరి తీసుకుంటోంది. కొలతలమ్మ ఆమెకు టీ తెప్పించింది. ఎడంచేత్తో గ్లాసు పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు. టీ కాస్త చీర మీద ఒలికింది.

"మీరేనా ఆ తోడేలును చేసేది?" అంది కాపరి. "నేను ఒక మాట చెప్తా..."

కొలతలమ్మ చుట్టూ చూసింది. గేటు దగ్గర టిక్కెట్ల మనిషి ఇటే చూస్తున్నాడు. విచారణకు ముందే బాధితురాలితో మాట్లాడిందని ఎవరైనా మోస్తే, తను చేసే తోడేలును కూడా నమ్మరు.

"నాతో ఏం చెప్పకక్కా," అంది. "శనివారం దాకా ఏమీ చెప్పొద్దు."

కాపరి సరేనని తలూపి, గ్లాసు కింద పెట్టి లేచింది. తను మంచి పనే చేసినట్టు అనిపించి కొలతలమ్మ గదిలోకి వెళ్లింది. అక్కడ బొమ్మ కట్టడానికి చెక్కపీచు, పురికొస, ఇనప కమ్మీలు సిద్ధంగా ఉన్నాయి. ఫైలు తెరిచి కార్డు కనపడేలా బల్ల మీద పెట్టుకుంది. కమ్మీ మీద సుద్దముక్కతో గీత గీసింది. తొంభై ఎనిమిది దగ్గర గీయబోయి ఆగింది. కిందికి వచ్చి డెబ్బై ఒకటి దగ్గర గీసింది. గీత తిన్నగా పడింది.

శుక్రవారం మధ్యాహ్నానికి తోడేలు లేచి నిలబడింది. గాజుకళ్లు పెట్టింది. కనురెప్పలు చర్మం లోపలికి మడిచి మట్టితో ఆనించింది. ఆరేలోగా చెవులు వంకర పోకుండా అట్టముక్కలు పెట్టి గుండుసూదులు గుచ్చింది. మూతి చుట్టూ సూదులే. ఇంకా తడిగా ఉన్న జంతువును చూస్తే ఆసుపత్రిలో రోగిలా ఉంటుంది. కానీ ఎత్తు సరిగ్గా ఉంది. టేపు పెట్టి మూడుసార్లు చూసుకుంది.

అప్పుడు ఛైర్మన్ వచ్చాడు. వెనకే క్యూరేటరు. ఛైర్మన్ ఆరడుగుల మనిషి, మాట మెత్తన. కొలతలమ్మను పనిమంతురాలని పొగిడాడు, మామగారి ఆరోగ్యం అడిగాడు, తన చిన్నప్పుడు హాల్లో తోడేలును చూసి జడుసుకుని వారం రోజులు నిద్రపోలేదని నవ్వుతూ చెప్పాడు. అప్పుడు బల్ల వైపు తిరిగాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి? కుక్కలా ఉంది."

"అదేనండి మీరు కొట్టింది," అంది ఆమె.

"నేను చూసింది ఇది కాదు." అతను తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "ఇక్కడికి ఉంది. తల ఎత్తి నన్నే చూసింది."

అతను అబద్ధం ఆడుతున్నట్టు లేదు. పక్కా అబద్ధాలకోరైతే ఆమెకు అంత భయం వేసేది కాదు. అతను నిజంగానే చూశాడు. చీకటి పడుతున్న వేళ, తుపాకీ చేతిలో ఉన్న మనిషి, దుప్పటి కప్పుకున్న ఆడదాన్ని చూసి, హాల్లో చిన్నప్పుడు చూసిన తోడేలే అనుకున్నాడు. అతని కళ్లల్లోకి దాన్ని ఎక్కించినవాడు ఇప్పుడు కిటికీ పక్కన బటానీలు ఒలుచుకుంటున్నాడు. 

రేపటికి సరిచేస్తావులే అని ఛైర్మన్ మెత్తగా చెప్పి వెళ్లిపోయాడు. క్యూరేటరు ఆగి, ఇప్పటికైనా మించిపోలేదు, చర్మం ఇంకా తడిగానే ఉంది అన్నాడు. అతను పోయాక ఆమె చేతులు కడుక్కుని ఫైలు తెరిచింది. కార్డు కుట్టిన దారం ఉంది. కార్డు లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మామగారితో, తను దాన్ని పెద్దది చెయ్యలేదని, కార్డు పోయిందని ఆమె చెప్పింది. పట్టీ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆయన మొహం చూడలేనని భయం. పెద్దాయన కంచం ముందు కూర్చుని కెలికి లేచాడు.

శనివారం పదకొండు గంటలకు విచారణ అధికారి వచ్చాడు. కళ్లజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. వచ్చీ రాగానే హాల్లో తోడేలు ముందు ఆగి, తన దగ్గర కూడా దీని పక్కన దిగిన ఫొటో ఉందన్నాడు.  కొలతలమ్మ చేసిన తోడేలును చక్రాల బల్ల మీద తెచ్చి పెద్దదాని పక్కన నేల మీదికి దించారు. మూతి నిండా సూదులతో, పక్కదాని పొట్ట కిందికి దూరేలా ఉంది పాపం. గోడ పక్కన కాపరి ఆసుపత్రి కాగితాలు పట్టుకుని నిలబడింది. ఆమెకు కుర్చీ చూపించినవాళ్లు లేరు.

క్యూరేటరు వరసగా చెప్పుకుపోయాడు. చర్మం పదును దగ్గర కుంచించుకుపోయిందని, అనుభవం చాలక ఇలా జరిగిందని, అసలు తోడేలు పక్కనున్నంత ఉంటుందని చెప్పాడు. అధికారి కొలతల కార్డు అడిగాడు. ఫైల్లో లేదన్నాడు క్యూరేటరు. కళేబరం కాల్చేశాం అన్నాడు.

"మీ మాట ఏమిటమ్మా?" అని అధికారి కొలతలమ్మను అడిగాడు.

"ఇది సరైన కొలతండి. కార్డు నేనే కుట్టాను."

"మరి ఇది?" అంటూ అధికారి పెద్ద తోడేలు మీద చెయ్యి వేశాడు. "నలభై ఏళ్లుగా ఇక్కడుంది. ఇది తప్పంటారా?"

ఆమె పెద్ద తోడేలు పొట్ట కిందికి చూసింది.  అవునంటే మామగారు జీవితమంతా చేసిన పనికి, ఆ ఊళ్లో ఆయనకున్న ఒక్క పేరుకు తన చేత్తోనే మసి పూసినట్టు. కాదంటే గోడ పక్కన నిలబడ్డ మనిషి బతుకుతెరువు పోతుంది. అందరూ చూస్తున్నారు. టిక్కెట్ల మనిషి కూడా చింపడం మానేసి గుమ్మంలోకి వచ్చాడు. ఛైర్మన్ వాచీ చూసుకున్నాడు.

"ఆ అమ్మాయిని అడగొద్దు. అది చేసింది నేను," అని గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది.

పెద్దాయన. బస్సెక్కి ఒక్కడే వచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు ఒక వరస తప్పి పెట్టుకున్నాడు. గోడ పట్టుకుని నడిచి వచ్చి తోడేలు ముందు నిలబడ్డాడు. దాని వైపు చూడలేదు.

"నా దగ్గరికి ఉప్పు పట్టించిన చర్మం ఒక్కటే వచ్చింది సార్. కళేబరం లేదు, ఎముకల్లేవు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. అంతకుముందు తోడేలును చూసి ఎరగను. నానబెట్టి, తడిచర్మాన్ని కొలిచి బొమ్మ కట్టాను. వారానికి చర్మం ఆరి బిగిసింది. ప్రారంభోత్సవానికి ముందురోజు పొట్ట కింద కుట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "అప్పుడు తెలిసింది నాకు, ఎంత పెద్దది చేశానో. మళ్లీ కట్టే టైము లేదు. ఒక కుక్క చర్మం ఉంటే పట్టీ కోసి అతికించాను. మర్నాడు ఊరంతా వచ్చి చూసి, అబ్బ ఎంత తోడేలు అన్నారు. ఇక నోరు పెగల్లేదు. అన్నేళ్లూ పెగల్లేదు."

 క్యూరేటరు ఏదో చెప్పబోతే అధికారి చెయ్యి ఎత్తి ఆపాడు.

"పొట్ట కింద వేలు పెట్టి చూడండి సార్," అన్నాడు పెద్దాయన. "బొచ్చు ఎదురు తిరుగుతుంది."

అధికారి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, పాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని నేల మీద కూర్చున్నాడు. తన చిన్నప్పటి తోడేలు కిందికి చెయ్యి పోనిచ్చాడు. చాలాసేపు తడిమాడు. లేచేటప్పుడు ఎవరి మొహమూ చూడకుండా చేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు. పెద్దాయనకు నిలబడే ఓపిక అయిపోయింది. కొలతలమ్మ పరుగున వెళ్లి ఆయన్ని పట్టుకుంది. కట్టిన బొమ్మంత తేలిగ్గా ఉన్నాడాయన. ఎందుకొచ్చారు మామయ్యా అని అడగబోయి,  తప్పుగా పెట్టుకున్న గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది.

అధికారి కాపరిని పిలిచి చిన్న తోడేలు పక్కన నిలబడమన్నాడు. కొలతలమ్మ మెడలోంచి టేపు తీసింది. గాయం నేల నుంచి నూట ఇరవై ఎనిమిది. తోడేలు భుజం డెబ్బై ఒకటి. తల ఎత్తి ఉంది కాబట్టి చెవి కొస దాకా తొంభై ఆరు. అక్కడి పొదలు నూట పదిహేనని అధికారి కాగితాల్లో ముందే ఉంది. ఆమె ఒక్కొక్కటీ పైకి చదివింది, అధికారి రాసుకున్నాడు. చివరి అంకె దగ్గర ఛైర్మన్ తన ఛాతీ దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి, తోడేలు వైపు చూసి, చెయ్యి దించేశాడు.

కాపరి ఎడంచెయ్యి జంతువు వీపు మీద పెట్టింది. చెయ్యి చాచే పని కూడా లేకపోయింది.

"ఇంతే ఉంటుంది," అంది. "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నా. కర్ర ఎత్తి కేకేస్తే తోక ముడిచి పోతుంది. ఆ పొదల వెనక నిలబడితే దీని చెవి కూడా కనపడదు."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు అధికారి.

"నన్ను ఎవరడిగారు?"

అది నిష్ఠూరంగా కూడా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. కొలతలమ్మ టేపు చుట్టడం ఆపేసింది. మూడు రోజులుగా తను కమ్మీలు కొలిచింది, చర్మం కొలిచింది, కుట్లు కొలిచింది. వరండాలో ఈ మనిషి నోరు తెరిచి చెప్పబోతే మాత్రం తనే ఆపింది. పోయిన కార్డు కోసం ఏడ్చిందే గానీ, కార్డు పుట్టకముందు నుంచీ ఆ కొలత తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగిందని తట్టనే లేదు. 

అధికారి కొత్త కాగితం తీశాడు. కొలతలమ్మ వెనక గదిలోకి వెళ్లి, తను పని చేసేటప్పుడు కూర్చునే స్టూలు తెచ్చి కాపరి వెనక వేసింది.

"కూర్చో అక్కా," అంది. "మొదటి నుంచీ చెప్పు."